జొరం తుపాకీ చెప్పేదెంత, చెప్పనిదెంత?

(సైన్సు పాఠం – ఆరోగ్య శీర్షిక)



ఈసారి మన గోడపత్రికలో సైన్సు వంతు నాది. అగ్నిపర్వతాల గురించి రాద్దామని మొదట అనుకున్నాను. కానీ మన ఆఫీసు గదిలో కిటికీ పక్కన మేకుకు వేలాడే తెల్ల మిషను గురించి రాయడమే న్యాయమనిపించింది. ఎందుకో ముందు చెబుతాను.

ఆ మిషను అసలు పేరు పరారుణ థర్మామీటరు. 2020లో కరోనా వచ్చినప్పుడు ఇది బడి గేటు దగ్గర, ఆసుపత్రి గుమ్మం దగ్గర, సంతకు పోయే బస్సు దగ్గర కూడా కనిపించింది. నుదుటికి ఎదురుగా పట్టి మీట నొక్కితే ‘కీ’మని అరిచి అంకె చూపిస్తుంది. తుపాకీలాగ ఉంటుంది కాబట్టి మనమంతా దాన్ని ‘జొరం తుపాకీ’ అంటాం.

ఈ ఏడు విద్యార్థి మంత్రివర్గంలో నేను ఆరోగ్య మంత్రిని. జొరం తుపాకీ పట్టుకునే పని నాదే. పట్టుకున్నానే గానీ అది ఎలా పనిచేస్తుందో నాకు తెలియదు. పుష్యమాసంలో ఒక తెల్లవారుజామున మంచు దట్టంగా పట్టి ఉంది. ఆరో తరగతి తమ్ముడొకడు ట్యాంకు దగ్గర తలస్నానం చేసి వణుక్కుంటూ నా దగ్గరికొచ్చాడు. “అన్నా, సలేస్తంది. ఒళ్ళంతా నొప్పులు” అన్నాడు. నేను గబగబా తుపాకీ తెచ్చి, మూరెడు దూరం నుంచే, వాడి తడి జుట్టు మీదే పట్టి నొక్కాను. 96.4 అని వచ్చింది. “జొరం లేదురా. సలికాలం గదా, అందరికీ సలే. ప్రేయరుకి పద” అన్నాను.

మధ్యాహ్నానికి వాడు బెంచీ మీద వాలిపోయాడు. నర్సమ్మ చంకలో పెట్టే థర్మామీటరుతో చూస్తే 103.6. ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి తీసుకుపోయి వేలి నుంచి రక్తం చుక్క తీసి పరీక్ష చేశారు. మలేరియా అని తేలింది. మాత్రలు వేశాక వారం లోపల కోలుకున్నాడు. నన్నెవరూ తిట్టలేదు. వాడు కూడా ఏమీ అనలేదు. కానీ ఆ పొద్దున వాడు నా మాట నమ్మి, జొరంతో, మంచులో, ప్రేయరు అయ్యేవరకూ నిలబడ్డాడు. అది నేను మరిచిపోలేకపోతున్నాను.

“మిషను అబద్ధం చెప్పింది సార్” అన్నాను సైన్సు మాస్టారుతో. ఆయన నవ్వి, “మిషను అబద్ధం చెప్పలేదురా. తడి జుట్టు ఎంత చల్లగా ఉందని నువ్వడిగావు, అది జవాబు చెప్పింది” అన్నారు. ఆ తర్వాత నాలుగు సాయంత్రాలు కూర్చోబెట్టి నేర్పించారు. నేర్చుకున్నది మీ అందరికీ చెప్పడానికే ఈ వ్యాసం.

1. కంటికి కనిపించని వెలుగు

చలికాలంలో నెగడు ముందు కూర్చున్నారు కదా? ముఖానికి వెచ్చగా తగులుతుంది, వీపు మాత్రం చల్లగానే ఉంటుంది. మంటకూ మీకూ మధ్య గాలి చల్లగానే ఉంది. మరి వేడి ఎలా వచ్చింది? ఒకసారి ముఖానికి అడ్డంగా చెయ్యి పెట్టి చూడండి. వెచ్చదనం టక్కున ఆగిపోతుంది. అంటే మంట నుంచి ఏవో కిరణాలు తిన్నగా మన ముఖానికి వస్తున్నాయన్నమాట. అవే పరారుణ కిరణాలు.

వీటిని 1800వ సంవత్సరంలో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే శాస్త్రవేత్త కనుగొన్నాడు. 1781లో యురేనస్ గ్రహాన్ని కనిపెట్టినవాడు కూడా ఈయనే. ఎండను గాజు పట్టకం గుండా పంపితే ఏడు రంగులుగా విడిపోతుందని మనం చదువుకున్నాం. హెర్షెల్ ఒక్కో రంగులో థర్మామీటరు పెట్టి చూశాడు. ఊదా వైపు వేడి తక్కువ, ఎరుపు వైపు ఎక్కువ. తర్వాత ఎరుపు దాటి, ఏ రంగూ కనిపించని చీకటి చోట పెట్టాడు. అక్కడ వేడి ఇంకా ఎక్కువ! ఎరుపుకు అవతల ఉన్నవి కాబట్టి పరారుణ కిరణాలు అన్నారు. ‘అరుణ’ అంటే ఎరుపు.

వేడి ఉన్న ప్రతి వస్తువూ ఈ కిరణాలను వదులుతుంది. నిప్పే కానక్కరలేదు. గోడ, చెట్టు, కుక్క, మనం అందరం వదులుతూనే ఉంటాం. మన కంటికి కనిపించే వెలుగు అలల పొడవు 0.4 నుంచి 0.7 మైక్రోమీటర్ల వరకు ఉంటుంది. మన ఒంటి నుంచి వచ్చే కిరణాల పొడవు సుమారు 10 మైక్రోమీటర్లు. అందుకే చీకట్లో ఒకరికొకరం కనిపించం గానీ, ఒకరి వేడి ఒకరి నుంచి బయటికి పోతూనే ఉంటుంది. ఒంటి వేడి పెరిగితే కిరణాలూ పెరుగుతాయి. ఆ పెరుగుదలనే మన మిషను లెక్కపెడుతుంది.

2. మిషను లోపల ఏముంది?

మిషను ముందు భాగంలో చిన్న గుంట, అందులో ఒక చిన్న కన్ను ఉంటుంది. దాని వెనక థర్మోపైల్ అనే భాగం ఉంటుంది. రెండు రకాల లోహపు తీగెలను రెండు చోట్ల కలిపి, ఒక అతుకును వేడిగా, ఇంకో అతుకును చల్లగా ఉంచితే కొద్దిపాటి విద్యుత్తు పుడుతుంది. దీన్ని 1821లో జర్మనీ శాస్త్రవేత్త సీబెక్ గమనించాడు. అలాంటి జంటలను చాలా వాటిని వరసగా కలిపితే అదే థర్మోపైల్. నుదుటి నుంచి కిరణాలు వచ్చి ఒకవైపు అతుకులను వేడి చేస్తాయి. రెండోవైపు అతుకులు మిషను వేడిలోనే ఉంటాయి. ఆ తేడాను బట్టి విద్యుత్తు, విద్యుత్తును బట్టి అంకె.

ఇక్కడొక ముఖ్యమైన మాట. మిషను కొలిచేది నుదుటికీ తనకూ మధ్య ఉన్న తేడాను. తన సొంత వేడిని కొలుచుకోవడానికి లోపల ఇంకో చిన్న భాగం ఉంటుంది. రెండూ కలిపి అంకె చూపిస్తుంది. మిషనును చలిలో నుంచి వెచ్చని గదిలోకి తెచ్చి వెంటనే నొక్కితే, పైభాగం ఒక వేడిలో, లోభాగం ఒక వేడిలో ఉండి లెక్క తప్పుతుంది. రాత్రంతా కిటికీ పక్కన మేకుకు వేలాడిన మిషనుతో నేను చేసిన మొదటి తప్పు అదే.

2020లో మనూళ్ళలో ఒక పుకారు పుట్టింది. ఈ తుపాకీ నుంచి కిరణాలు వచ్చి మెదడు పాడవుతుందని. అందుకే చాలామంది నుదురు చూపకుండా చెయ్యి చాపేవారు. అది ఒట్టి మాట. కొలవడానికి ఈ మిషను మన మీదికి ఏ కిరణాన్నీ పంపదు. మన నుంచి వచ్చేదాన్ని అందుకుంటుంది, అంతే. నెగడు ముందు మన చెంప ఎలాగో, ఇదీ అలాగే. కొన్ని మిషన్లలో గురి కోసం ఎర్ర చుక్క లైటు ఉంటుంది. కొలిచేది ఆ చుక్క కాదు. అయినా లేజరు చుక్క ఉన్నదాన్ని ఎవరి కళ్ళ వైపూ పట్టకూడదు.

3. నుదురు వేరు, ఒంటి లోపల వేరు

నేను చేసిన పెద్ద తప్పు ఇక్కడుంది కాబట్టి జాగ్రత్తగా చదవండి.

జొరం అంటే ఒంటి లోపలి వేడి పెరగడం. గుండె, కాలేయం, మెదడు ఉన్న చోటి వేడి. తుపాకీ చూసేది చర్మం పైవేడిని మాత్రమే. నుదుటి చర్మం లోపలికంటే చల్లగా ఉంటుంది. కాబట్టి మిషను ఆ తేడాకు సరిపడా కొంత కలిపి, లోపలి వేడి ఇంత ఉండొచ్చని అంచనా చూపిస్తుంది. మామూలు గదిలో, పొడి నుదుటి మీద ఆ అంచనా బాగానే సరిపోతుంది. నుదురు తడిసినా, చెమట పట్టినా, చలిగాలి తగిలినా, ఎండ పడినా అంచనా తప్పుతుంది. మణికట్టు మీద పడితే కూడా తప్పుతుంది, ఎందుకంటే మిషను కలిపే లెక్క నుదుటి కోసం వేసింది.

మలేరియా జొరానికి మూడు దశలుంటాయి. మొదట చలి, తర్వాత వేడి, చివర చెమట. మొదటి దశలో మనిషి దుప్పటి కప్పినా గజగజ వణుకుతాడు. ఆ సమయంలో ఒళ్ళు వేడిని లోపలే దాచుకోవాలని చర్మంలోని రక్తనాళాలను బిగిస్తుంది. చర్మం చల్లబడుతుంది, రోమాలు నిక్కబొడుచుకుంటాయి. కానీ లోపల వేడి పైకి ఎక్కుతూనే ఉంటుంది! సరిగ్గా అప్పుడు నుదుటి మీద తుపాకీ పెడితే తక్కువ అంకె రావచ్చు. చివరి దశలో చెమట ఆరుతూ చర్మాన్ని చల్లబరుస్తుంది కాబట్టి అప్పుడూ తక్కువ చూపవచ్చు.

ఇంకో సంగతి. మన దగ్గర కనిపించే వైవాక్స్ రకం మలేరియాలో జొరం తరచుగా రోజు విడిచి రోజు వస్తుంది. జొరం రాని రోజు కుర్రాడు మామూలుగా ఆడుకుంటాడు, ఏ థర్మామీటరు పెట్టినా 98 చూపిస్తుంది. అంతమాత్రాన మలేరియా పోయినట్టు కాదు. రక్తపరీక్ష ఒక్కటే తేలుస్తుంది. మలేరియా క్రిమి దోమలో పెరుగుతుందని 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ కనుగొన్నది మన సికింద్రాబాదులోనే. ఆయన చూసింది దోమ కడుపును, సూక్ష్మదర్శినిలో. మలేరియాను పట్టుకోవడానికి ఈనాటికీ చూడాల్సింది రక్తాన్నే గానీ నుదుటిని కాదు.

కనుక నేను నేర్చుకున్న మొదటి సూత్రం ఇది: తుపాకీ ఎక్కువ చూపిస్తే నమ్మి వెంటనే కదలాలి. తక్కువ చూపిస్తే, కుర్రాడు బాగులేదంటున్నప్పుడు, తుపాకీని నమ్మి ఊరుకోకూడదు.

4. సరిగ్గా చూసే పద్ధతి

(1) గది: ఎండ పడని, గాలి విసురుగా రాని గది కావాలి. ఫ్యాను ఆపాలి. పొయ్యి దగ్గర వద్దు. ఇలాంటి చాలా మిషన్లు సుమారు 16 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ గది వేడిలో పనిచేయడానికి తయారైనవి. లంబసింగి వైపు చలికాలం ఉదయాల్లో 10 డిగ్రీల లోపుకు పడిపోవడం మనకు తెలిసిందే. అలాంటి పూట వరండాలో నిలబెట్టి చూస్తే లాభం లేదు. తలుపులు మూసిన గదిలోకి తీసుకురావాలి.

(2) ఆగడం: చూడబోయే గదిలో మిషనును 10 నుంచి 30 నిమిషాలు ముందే ఉంచాలి. ఆట ఆడి, స్నానం చేసి, ఎండలోంచో మంచులోంచో వచ్చినవాడిని కూడా 15 నుంచి 30 నిమిషాలు కూర్చోబెట్టాలి. తమ్ముడికి బాగా నలతగా ఉంటే ఈలోగా సారుకు కబురు చెయ్యండి. ఆగమన్నది మిషను కోసమే, సాయం ఆగకూడదు.

(3) నుదురు: మంకీ టోపీ తియ్యాలి. జుట్టు పైకి తొయ్యాలి. నూనె, చెమట, బొట్టు, విబూది ఉంటే పొడిగుడ్డతో మెల్లగా తుడిచి కొన్ని నిమిషాలు ఆగాలి. తడిగుడ్డ పట్టీ వేసి ఉంటే తీసేసి, నుదురు ఆరి మళ్ళీ మామూలయ్యేదాకా ఆగాలి.

(4) తెర: మిషనులో రెండు రకాల కొలతలుంటాయి. ఒకటి ‘బాడీ’, అంటే మనిషికి. రెండోది ‘సర్ఫేస్’, అంటే గోడ, నీళ్ళ వంటి వస్తువులకు. ‘సర్ఫేస్’లో పెట్టి నుదురు చూస్తే ఉత్త చర్మం వేడి మాత్రమే, 93, 94 అలా చూపిస్తుంది. ఒకరోజు ఎవరో మీట నొక్కేశారు. ఏడో తరగతి మొత్తానికి 93 వచ్చింది. “అందరూ సల్లబడిపోయారేటి!” అని నవ్వుకున్నాం గానీ, ఆ రోజు ఎవరికైనా జొరం ఉండుంటే దొరికేది కాదు.

(5) దూరం: మిషను చూపు టార్చిలైటు వెలుగులాంటిది. దగ్గర్లో చిన్న వలయం, దూరం పోయేకొద్దీ పెద్ద వలయం. దూరం పెడితే నుదుటితోబాటు జుట్టు, వెనకాల గోడ కూడా ఆ వలయంలో పడి, అన్నిటి సగటు వస్తుంది. చాలా నుదుటి మిషన్లకు 3 నుంచి 5 సెంటీమీటర్ల దూరం అని చెబుతారు. అంటే రెండు మూడు వేళ్ళ వెడల్పు. కొన్నిటికి ఇంకా దగ్గరగా, కొన్నిటికి దూరంగా పట్టాలి. పెట్టెలో వచ్చిన కాగితంలో ఎంత రాసి ఉంటే అంతే పాటించాలి. మన పెట్టె మీద ఆ దూరాన్ని పెద్దక్షరాలతో రాసి అంటించాను.

(6) గురి: కనుబొమల మధ్యకు కాస్త పైన, తిన్నగా, వాలకుండా పట్టాలి. చప్పుడు వచ్చేవరకు మిషనూ తలా కదలకూడదు.

(7) మూడుసార్లు: కొద్ది సెకన్లు ఆగుతూ మూడుసార్లు చూడాలి. మూడూ దగ్గరదగ్గరగా ఉంటే సరే. బాగా తేడాలుంటే ఏదో తప్పు జరిగిందని అర్థం. పైవన్నీ మళ్ళీ సరిచూసుకుని కొలవాలి.

(8) రాయడం: పుస్తకంలో పేరు, తరగతి, టైము, అంకె, వాడు చెప్పిన బాధ రాయాలి. ఆఖరిది మరవకూడదు. ‘96.4’ అని ఒక్కటే రాస్తే ఎవరికీ ఏమీ తెలియదు. ‘96.4, తలస్నానం చేసి వచ్చాడు, వణుకు, ఒళ్ళునొప్పులు’ అని రాస్తే నర్సమ్మ వెంటనే పట్టుకుంటుంది.

5. సెల్సియస్, ఫారన్‌హీట్ గొడవ

తెర మీద ‘సి’ ఉంటే సెల్సియస్, ‘ఎఫ్’ ఉంటే ఫారన్‌హీట్. సెల్సియస్‌ను 9తో గుణించి, 5తో భాగించి, 32 కలిపితే ఫారన్‌హీట్ వస్తుంది. కింది అంకెలు బట్టీ పట్టండి.

36 = 96.8
37 = 98.6
38 = 100.4
39 = 102.2
40 = 104

అందరికీ ఎప్పుడూ సరిగ్గా 98.6 ఉండాలని లేదు. ఒకే మనిషికి తెల్లవారుజామున కాస్త తక్కువ, సాయంత్రం కాస్త ఎక్కువ ఉంటుంది. 100.4 గానీ, అంతకంటే ఎక్కువ గానీ ఉంటే జొరమనే లెక్క.

6. ఫ్యాక్టరీ తుపాకీ వేరు

చూడ్డానికి ఒకేలా ఉండే ఇంకో రకం ఉంది. అది కొలిమి, మోటారు, కరెంటు తీగెల వేడి చూడటానికి. వందల డిగ్రీల దాకా చూపిస్తుంది. అలాంటివాటిలో సాధారణంగా 2 డిగ్రీల సెల్సియస్ వరకు అటూ ఇటూ తేడా ఉండవచ్చు. మోటారుకు 2 డిగ్రీలు లెక్క కాదు. మనిషికి 2 డిగ్రీలంటే ఫారన్‌హీట్‌లో 3.6. బాగున్నవాడికీ మంచి జొరంతో ఉన్నవాడికీ మధ్య తేడా అంతే! మనుషుల కోసం చేసిన మిషన్లలో ఆ తేడా 0.2 లేక 0.3 సెల్సియస్ దగ్గర ఉంటుంది. కొనేటప్పుడు సార్లు ఈ సంగతి చూడాలని మనవి.

7. మిషను సంరక్షణ

* కంటిని వేలితో ముట్టకూడదు. వేలి జిడ్డు అంటితే కిరణాలు సరిగ్గా లోపలికి పోవు, అంకె తగ్గుతుంది. నోటితో ఊదకూడదు. ఊదితే తేమ పడుతుంది.
* కంటికి దుమ్ము పడితే, దూదిపుల్లకు కాస్త 70 శాతం స్పిరిటు తడిపి మెల్లగా తుడిచి, పూర్తిగా ఆరనివ్వాలి. ఆరకముందే వాడితే చల్లగా ఉండి తప్పు చూపిస్తుంది. చొక్కా అంచు, సుద్దగుడ్డ, సబ్బునీళ్ళు పనికిరావు.
* మిగతా భాగాన్ని మెత్తని గుడ్డతో తుడవాలి. నీళ్ళలో ముంచకూడదు.
* మేకుకు వేలాడదీయవద్దు. సొంత పెట్టెలో పెట్టి, బీరువాలో, ఎండ తగలని చోట ఉంచాలి. వంటగదిలో ఆవిరి, పొగ, జిడ్డు ఉంటాయి కాబట్టి అక్కడ అసలు వద్దు.
* తెర మసకబారినా, బ్యాటరీ గుర్తు వెలిగినా సెల్లులు రెండూ ఒకేసారి మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది వేయకూడదు.
* దసరా, సంక్రాంతి, వేసవి సెలవులకు పోయేముందు సెల్లులు తీసేయాలి. లేకపోతే సెల్లు కారి లోపలి రేకులు తినేస్తుంది.
* కింద పడితే, పైకి బాగున్నా నమ్మకూడదు. నెలకోసారి, పడినప్పుడల్లా, ఆరోగ్యంగా ఉన్న ఇద్దరు ముగ్గురిని తుపాకీతోనూ చంక థర్మామీటరుతోనూ చూసి పక్కపక్కన రాయాలి. ప్రతిసారీ పెద్ద తేడా వస్తుంటే ఆ మిషనును పక్కన పెట్టాలి.
* ఇది ఆటవస్తువు కాదు. ‘ఠాయ్ ఠాయ్’ అని ఆడితే రేపు ఎవరి జొరమో దొరకదు.

8. చేసి చూడండి (సారు దగ్గరుంటేనే)

ప్రయోగం 1: నుదురు చూసి అంకె రాయండి. తడిగుడ్డతో తుడిచి వెంటనే చూడండి. అంకె పడిపోతుంది. నీరు ఆవిరవుతూ చర్మం వేడిని తీసుకుపోయింది. కొంతసేపు ఆగి మళ్ళీ చూడండి.

ప్రయోగం 2: ‘సర్ఫేస్’లో పెట్టి, గోరువెచ్చకంటే కాస్త వేడి నీళ్ళు స్టీలు గ్లాసులో పోసి, మెరిసే పక్కను చూడండి. తక్కువ చూపిస్తుంది. గ్లాసుకు ఒకవైపు వంటింటి మసి రాసి అక్కడ చూడండి. ఎక్కువ చూపిస్తుంది! గ్లాసు ఒకటే, నీళ్ళూ ఒకటే. మెరిసే లోహం పరారుణ కిరణాలను తక్కువగా వదులుతుంది, చుట్టూ ఉన్నవాటి కిరణాలను అద్దంలా తిప్పి పంపుతుంది. మసి బాగా వదులుతుంది. దీన్ని ఉద్గారత అంటారు. మన చర్మం ఉద్గారత సుమారు 0.98, అంటే నూటికి 98 వంతులు. నలుపైనా, తెలుపైనా, చామనఛాయైనా ఈ కిరణాల విషయంలో మనుషులందరి చర్మం దాదాపు ఒకటే. ఇది నాకు బాగా నచ్చింది.

ప్రయోగం 3: చేతికి ఎదురుగా గాజు పలక అడ్డంపెట్టి చూడండి. చెయ్యి కంటికి కనిపిస్తుంది గానీ మిషనుకు కనిపించదు. అది గాజు వేడినే చూపిస్తుంది. మన ఒంటి కిరణాలు గాజులోంచి పోలేవు.

9. అంకె వచ్చాక ఏం చెయ్యాలి?

100.4 గానీ, పైన గానీ ఉంటే: వెంటనే వార్డెన్ సారుకు, నర్సమ్మకు చెప్పాలి. నీళ్ళు తాగించాలి. దుప్పట్లు గుట్టగా కప్పకూడదు. మన ఏజెన్సీలో జొరమంటే అదే రోజు రక్తపరీక్ష అని గుర్తుపెట్టుకోవాలి. వేలి చుక్కతో చేసే పరీక్షకు అరగంట కూడా పట్టదు. మనంతట మనం మాత్ర వేసేయకూడదు.

99 నుంచి 100.4 మధ్య ఉంటే: ఒంటరిగా వదలకుండా అరగంట తర్వాత మళ్ళీ చూడాలి. చంక థర్మామీటరు పెట్టాలి. చంక పొడిగా తుడిచి, కొన లోపలికి పెట్టి, చెయ్యి ఒంటికి అదిమి, చప్పుడు వచ్చేవరకు ఉంచాలి.

మామూలుగా ఉన్నా వాడికి బాగులేకపోతే: బాగులేనట్టే లెక్క. వణుకు, వాంతి, తలనొప్పి, ఒళ్ళునొప్పులు చెబితే చంక థర్మామీటరుతో చూసి, పెద్దలకు చెప్పాలి.

95 కంటే తక్కువగానో, ‘లో’ అనో చూపిస్తే: ముందు ‘బాడీ’లో ఉందో లేదో, నుదురు తడిగా ఉందేమో చూడాలి. అన్నీ సరిగ్గా ఉండి కుర్రాడు మత్తుగా, చల్లగా ఉంటే ఆలస్యం చేయకూడదు.

ఫిట్స్, మత్తు, ఆయాసం, మెడ బిగుసుకోవడం, ఆగని వాంతులు కనిపిస్తే అంకె చూడటానికి కూడా ఆగవద్దు. ఆసుపత్రికి పోవాలి. మనలో సికిల్ సెల్ కార్డు ఉన్న వాళ్ళకు జొరం వస్తే అదీ అంతే. కార్డు వెంట పెట్టుకుని ఆ గంటలోనే బయలుదేరాలి.

10. వార్డెన్ సార్లకు చిన్న మనవి

రెండువందల మందిని ఉదయం వరసలో నిలబెట్టి ఒక్క పావుగంటలో చూడటం మీకు తప్పని పనే. కానీ అది మంచులో, తడితలల మీద జరుగుతోంది. దయచేసి దాన్ని సాయంత్రం స్టడీ అవర్‌కు ముందు, లోపలి గదిలో పెట్టించండి. బాగులేదని చెప్పినవాడిని ఏ పూటైనా విడిగా కూర్చోబెట్టి చూద్దాం. హాస్టలుకు తుపాకీతోబాటు చంకలో పెట్టే డిజిటల్ థర్మామీటర్లు రెండైనా ఉంటే బాగుంటుంది. పాత గాజు థర్మామీటరు పగిలితే అందులోని పాదరసాన్ని పిల్లలు ముట్టకుండా చూడాలి.

తమ్ముళ్ళకు కూడా ఒక మాట. జొరమొస్తే ఇంటికి పంపేస్తారనో, ఆటకు పోనివ్వరనో దాచుకోకండి. మన ఒళ్ళు మనకే ముందు తెలుస్తుంది. మిషనుకు తర్వాతే.

ఆ ఆరో తరగతి తమ్ముడు మళ్ళీ కబడ్డీ ఆడుతున్నాడు. 14 రోజుల మాత్రలు ఒక్కటీ మానకుండా వేసుకున్నాడు. జొరం తగ్గిందని మధ్యలో మానేస్తే కాలేయంలో దాక్కున్న క్రిములు మళ్ళీ లేస్తాయని నర్సమ్మ చెప్పింది కాబట్టి, రోజూ నేనే గుర్తుచేశాను. ఇప్పుడు నేను తుపాకీ తీసేముందు “ఎలా ఉంది తమ్ముడూ? ఎక్కడ నొప్పి?” అని అడుగుతున్నాను. అడిగి, విని, రాసుకుని, ఆ తర్వాతే మీట నొక్కుతున్నాను.

మీకోసం ప్రశ్నలు

1. చలితో వణుకుతున్న మలేరియా రోగి నుదురు చల్లగా ఎందుకుంటుంది?
2. మిషను తెర మీద అందరికీ 93 వస్తే మొదట ఏం చూడాలి?
3. 39 డిగ్రీల సెల్సియస్ ఎన్ని డిగ్రీల ఫారన్‌హీట్? లెక్క చేసి చూపండి.
4. స్టీలు గ్లాసుకు మసి రాస్తే అంకె ఎందుకు మారింది?
5. కళ్ళజోడు అద్దం మీద పట్టి కొలిస్తే ఏమవుతుంది?

జవాబులు కాగితం మీద రాసి, పేరు, తరగతి వేసి ఆఫీసు గది పక్కనున్న పెట్టెలో వేయండి. సరైన జవాబులు వచ్చే సంచికలో. తప్పులుంటే పెద్దలు మన్నించి సరిదిద్దగలరు.

ఇట్లు,
మీ తోటి విద్యార్థి,
ఆరోగ్య మంత్రి, 9వ తరగతి